మేత బయళ్ళలోని పశువులపై ఈగల నియంత్రణ

మేత బయళ్ళలో తిరిగే ఆవులు, ఎద్దులు, గేదెలపై వాలి రక్తం పీల్చే ఈగలను, కంటినీరు, చీమిడి, పుండ్ల రసి కోసం మూగి బాధించే ఈగలను, పశువుకూ యజమానికీ నష్టం కలగని స్థాయికి తగ్గించి ఉంచే పద్ధతులన్నిటినీ కలిపి '''పశువులపై ఈగల నియంత్రణ''' అంటారు. ఈగలను సమూలంగా నిర్మూలించడం ఇందులో ఉద్దేశం కాదు. ఆరుబయట అది సాధ్యమూ కాదు. ఇది పశుపోషణకు, కీటకశాస్త్రానికి ఉమ్మడి విషయం.

కొట్టంలో కట్టివేసిన పశువు విషయంలో కొట్టాన్ని శుభ్రపరిస్తే చాలావరకు సరిపోతుంది. బయట మేసే పశువు విషయంలో అలా కాదు. దాని పేడ ఎకరాల కొద్దీ చెల్లాచెదురుగా పడుతుంది, పొరుగు మందల నుండి ఈగలు ఎగిరి వస్తాయి, మందు పూయడానికి పశువును రోజూ పట్టి తేవడం కుదరదు. అంతేకాక సామాన్యంగా అందరూ "ఈగ" అనే ఒకే మాటతో పిలిచేవి నిజానికి వేర్వేరు అలవాట్లు గల అనేక జాతులు. ఒకటి రాత్రింబవళ్ళు పశువు ఒంటిమీదే ఉంటుంది, మరొకటి రోజుకు ఒకటి రెండు సార్లు వచ్చి పోతుంది. ఒకటి తాజా పేడలో పుడుతుంది, ఇంకొకటి కుళ్ళిన గడ్డిలో, వేరొకటి చెరువు గట్టు బురదలో. ఒకదానిపై పనిచేసిన ఉపాయం రెండవదానిపై పనిచేయకపోవడానికి కారణం ఇదే. చేసిన ఖర్చు వృథా కావడానికి చాలా సందర్భాలలో మందు నాసిరకం కావడం కాక, ఈగను సరిగా గుర్తించకపోవడమే కారణమని చెప్పవచ్చు.

ఈ ఈగలపై పరిశోధన అత్యధికంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియాలలో జరిగింది. వేలాది పశువులను ఏడాది పొడవునా బయటే మేపే పద్ధతి అక్కడ ఉండడమే అందుకు కారణం. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా ఆ దేశాలవే.

పశువు ప్రవర్తనను బట్టి ఈగను గుర్తించడం

ఈగను పట్టి భూతద్దంలో చూడకుండానే, అది ఏ రకమో పశువు చేష్టలను బట్టి చాలావరకు చెప్పవచ్చు. పశువు తల వెనుకకు తిప్పి వీపుపైకి విసురుతూ, తోకతో పక్కలను కొట్టుకుంటూ ఉంటే వీపు, భుజాల మీద కొమ్ము ఈగలు ఉన్నాయని అర్థం. ముందు కాళ్ళను పదే పదే నేలకేసి తపతప కొడుతూ ఉంటే, నీటిలోకి దిగి మోకాళ్ళ లోతున నిలబడితే, లేదా మందంతా ఒక మూల గుంపు కట్టి కాళ్ళు దాచుకోవడానికి ప్రయత్నిస్తే అది స్టేబుల్ ఫ్లై పని. కళ్ళు చికిలించుకుంటూ, చెవులు ఆడిస్తూ, పక్క పశువు ఒంటికి ముఖం రుద్దుతూ ఉంటే ముఖపు ఈగలు. మేస్తున్న పశువు ఒక్కసారిగా ఉలిక్కిపడి పరుగెత్తితే జోరీగ కుట్టి ఉంటుంది.

గుంపు కట్టడం పైకి రక్షణలా కనిపించినా అది పశువుకు మేలు చేయదు. ఎండలో ఒకదానినొకటి ఆనుకొని నిలబడిన పశువులకు ఒంటి వేడి పెరుగుతుంది, మేత సమయం పోతుంది. ఈగల వలన కలిగే నష్టంలో పీల్చిన రక్తం పాలు తక్కువ. మేయకుండా, నెమరు వేయకుండా, ఈగలను తోలుకోవడంలో పశువు పోగొట్టుకొనే కాలమూ శక్తీ పాలు ఎక్కువ.

కొమ్ము ఈగ

బయట మేసే పశువుల ఈగలన్నిటిలో ఆర్థికంగా ముఖ్యమైనది, ఆంగ్లంలో హార్న్ ఫ్లై అని పిలువబడే ''హెమటోబియా ఇర్రిటాన్స్''. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేనందున ఇక్కడ కొమ్ము ఈగ అని వ్యవహరించబడింది. ఇది మస్కిడే కుటుంబానికి చెందినది, అంటే ఇంటి ఈగకు దగ్గరి బంధువు. పరిమాణంలో మాత్రం దానిలో సగమే ఉంటుంది. ఆడ, మగ రెండూ రక్తం పీలుస్తాయి.

దీని జన్మస్థానం ఐరోపా. ఉత్తర అమెరికాలో 1887లో న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్‌డెన్ పరిసరాలలో మొదటిసారి గమనించారు. పదేళ్ళు తిరగకముందే ఇది ఆ దేశంలో చాలా భాగానికి వ్యాపించింది. ఈ ఈగలు కొమ్ముల మొదట్లో నల్లటి పట్టీలా గుమికూడడం చూసిన నాటి రైతులు ఇవి కొమ్మును తొలిచి లోపల గుడ్లు పెడతాయని భయపడ్డారు. ఆ నమ్మకంలో నిజం లేదు. తోకకూ తలకూ అందని చోటు కావడం వల్లనే అవి అక్కడ విశ్రమిస్తాయి. అయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

కొమ్ము ఈగ జీవితంలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, ఇది పశువును విడిచిపెట్టదు. వీపు, భుజాలు, పక్కల మీద తల కిందికి పెట్టి వాలి రోజుకు 20 నుండి 40 సార్లు రక్తం పీలుస్తుంది. ఎండ తీవ్రమైతే పొట్ట కిందికి మారుతుంది, అంతే. రెండవది, ఆడ ఈగ గుడ్లు పెట్టడానికి మాత్రమే పశువును వదులుతుంది, అదీ కొద్ది నిమిషాలు. పశువు పేడ వేసిన వెంటనే దిగి, ఆ పేడకడి అంచుల కింద గుడ్లు పెట్టి తిరిగి పశువు మీదికి చేరుతుంది. ఎండి పొరకట్టిన పేడ దానికి పనికిరాదు. గుడ్డు ఒక రోజులో పొదగబడుతుంది. డింభకం పేడలోనే పెరిగి, పేడలోనో దాని కింది మట్టిలోనో ప్యూపాగా మారుతుంది. వేసవిలో గుడ్డు నుండి పెద్ద ఈగ కావడానికి సుమారు 10 నుండి 20 రోజులు పడుతుంది. శీతల దేశాలలో చలికాలాన్ని ఇది ప్యూపా దశలోనే పేడకడి కింద గడుపుతుంది.

పేడకడి చెదరకుండా ఉంటేనే ఈ చక్రం సాగుతుంది. పశువులు తొక్కి చిందరవందర చేసిన పేడలో, కొట్టంలో రోజూ ఎత్తివేసే పేడలో కొమ్ము ఈగ పెరగలేదు. అందుకే ఇది ముఖ్యంగా బయలు పశువుల సమస్య.

ఒక పశువుపై కొన్ని వందల నుండి, చికిత్స లేని ఎడల వేల ఈగలు ఉండవచ్చు. అమెరికాలో మాంసపు పశువులకు ఒక్కొక్క దానిపై 200 ఈగలను ఆర్థిక హద్దుగా పరిగణిస్తారు. అంతకు లోపు ఉన్నప్పుడు చికిత్సకయ్యే ఖర్చు వచ్చే లాభం కంటే ఎక్కువ. పాడి పశువులకు ఈ హద్దును ఇంకా తక్కువగా, 50గా చెబుతారు. లెక్కించడానికి ఎండ ముదరకముందే 10, 15 పశువుల ఒక పక్కన ఉన్న ఈగలను అంచనా వేసి రెట్టింపు చేస్తే సరిపోతుంది. మధ్యాహ్నం లెక్కిస్తే పొట్ట కిందివి కనిపించక లెక్క తప్పుతుంది. మందలో ఎద్దులపై ఆవుల కంటే ఎక్కువ ఈగలు ఉంటాయి కనుక ఎద్దును చూసి మంద మొత్తాన్ని అంచనా వేయరాదు.

ఈ ఈగ వలన అమెరికా పశుపరిశ్రమకు ఏటా 87 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లుతున్నదని 1990ల ఆరంభంలో అంచనా వేశారు. ఈగల బాధ తగ్గించిన ఆవుల పాలు తాగిన దూడలు, పాలు మాన్పించే నాటికి తక్కిన వాటికన్నా కొన్ని కిలోలు ఎక్కువ తూగడం అనేక ప్రయోగాలలో కనిపించింది. ఇది కాక, పొదుగుకాళ్ళ కొనలను కుట్టడం ద్వారా ఈ ఈగ తొలిచూలు పెయ్యలలో పొదుగువాపు కలిగించే ''స్టెఫిలోకాకస్ ఆరియస్'' బాక్టీరియాను వ్యాపింపజేస్తుంది. ఈనక ముందే పొదుగు పాడైన పెయ్య రైతుకు జీవితకాలపు నష్టం.

క్రిమిసంహారకాలు, నిరోధక శక్తి

రాత్రింబవళ్ళు పశువు మీదే ఉండే ఈగను మందుతో చంపడం చాలా సులువనిపిస్తుంది. పశువుకు పూస్తే చాలు, ఈగ తప్పించుకొనే దారి లేదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డి.డి.టి. అందుబాటులోకి వచ్చినప్పుడు ఫలితాలు అద్భుతంగా ఉన్నవి. కాని అది కొవ్వులోను, పాలలోను నిలిచిపోవడం బయటపడడంతో పాడి పశువులపై దాని వాడకం త్వరలోనే ఆగిపోయింది. 1972లో అమెరికా దాదాపు అన్ని వాడకాలకూ డి.డి.టి.ని నిషేధించింది. ఆ తర్వాత ఆర్గానోఫాస్ఫేట్ మందులు, వాటి వెంట పైరిత్రాయిడ్లు వచ్చాయి.

1980 ప్రాంతాలలో పైరిత్రాయిడ్ నింపిన ప్లాస్టిక్ చెవి బిళ్ళలు ప్రవేశించాయి. చెవికి ఒక బిళ్ళ తగిలిస్తే అందులోని మందు నెలల తరబడి నెమ్మదిగా ఊరుతూ, పశువు తల తిప్పినపుడల్లా ఒంటికి అంటుకొంటుంది. వేసవి ఆరంభంలో ఒక్కసారి పశువులను పట్టితే చాలు, సీజన్ అంతా నిశ్చింత. రైతులు దీనిని విరివిగా వాడారు. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి, 1980ల మధ్య నాటికి, దక్షిణ రాష్ట్రాలలో బిళ్ళ ఉన్న పశువుల మీదే ఈగలు యథేచ్ఛగా తిరగసాగాయి.

దీనికి కారణం ఆ ఈగ స్వభావంలోనే ఉంది. కొమ్ము ఈగ జీవితమంతా పశువు మీదే గడుపుతుంది కనుక మంద మొత్తానికి మందు వేస్తే ఆ ప్రాంతంలోని ఈగలన్నిటికీ మందు తగులుతుంది. మందు తగలని ఈగలు మిగలవు. బతికి బయటపడే కొద్ది ఈగలు, నాడీకణాలలోని సోడియం ద్వారాల నిర్మాణంలో చిన్న మార్పు ఉన్నవో, మందును విచ్ఛిన్నం చేసే ఎంజైములు ఎక్కువగా ఉన్నవో అయి ఉంటాయి. తరువాతి తరానికి అవే తల్లిదండ్రులు. రెండు మూడు వారాలకు ఒక తరం చొప్పున ఒక్క వేసవిలోనే అనేక తరాలు జరిగిపోతాయి. సీజన్ చివరికి బిళ్ళలో మందు తరిగి, చంపడానికి చాలని మోతాదు మాత్రమే ఊరుతూ ఉంటే ఈ ఎంపిక మరింత వేగవంతమవుతుంది. ఇందుకు భిన్నంగా, పశువు మీద కొద్దిసేపే ఉండే ముఖపు ఈగలో నిరోధక శక్తి ఇంత తీవ్రమైన సమస్య కాలేదు. ఒకే మందు, ఒకే పశువు, రెండు ఈగలు, రెండు ఫలితాలు.

ఈ అనుభవం నుండి కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. ఈగల సంఖ్య హద్దు చేరే వరకు బిళ్ళ వేయరాదు. సీజన్ ముగియగానే దానిని తీసివేయాలి. ఒక ఏడు పైరిత్రాయిడ్ వాడితే మరుసటి ఏడు ఆర్గానోఫాస్ఫేటో, అబామెక్టిన్ వంటి వేరే వర్గపు మందో వాడాలి. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. వ్యాపార నామం మారినంత మాత్రాన వర్గం మారినట్లు కాదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, పర్మెత్రిన్, ఫ్లుమెత్రిన్ అన్నీ పైరిత్రాయిడ్లే. ఒకదాని తర్వాత ఒకటి వాడడం అదే మందును కొనసాగించడమే. డబ్బాపై పేరు కాక, లోపలి రసాయనపు పేరు చదవడం అవసరం.

బిళ్ళలు కాక ఇతర పద్ధతులూ ఉన్నాయి. నీటి తొట్టి లేదా ఉప్పు దిమ్మ వద్దకు వెళ్ళే దారిలో మందుపొడి నింపిన గోనె సంచులను వేలాడదీస్తారు. పశువు వాటి కిందుగా వెళ్ళక తప్పదు కనుక పొడి వీపున రాలుతుంది. గొలుసుకు గోనెపట్టా చుట్టి మందు కలిపిన నూనెలో తడిపి కట్టే "వీపు రుద్దుడు" కూడా ఇటువంటిదే. దారిలో కాక ఇష్టమైతే రుద్దుకొనే చోట కడితే ఫలితం సగానికి పడిపోతుంది. వీపుపై పోసే ద్రావణాలు, పిచికారీలు కొన్ని వారాలు పనిచేస్తాయి. మెథోప్రీన్, డైఫ్లూబెంజురాన్ వంటి పదార్థాలను ఖనిజ లవణ మిశ్రమంలో కలిపి తినిపిస్తే అవి పేడలో చేరి డింభకాలను ఈగలు కానివ్వవు. ఈ పద్ధతి కాగితం మీద చాలా బాగుంటుంది. ఆచరణలో మందలోని ప్రతి పశువూ సరిపడా తినదు, పైగా కొన్ని కిలోమీటర్లు ఎగరగల కొమ్ము ఈగ పొరుగు మంద నుండి వచ్చి వాలుతుంది.

పాలిచ్చే పశువులకు ఏ మందు వాడినా, ఎన్నాళ్ళు పాలు వాడరాదో చూసుకోవడం తప్పనిసరి. పైరిత్రాయిడ్లు చేపలకు తీవ్రమైన విషం కనుక పిచికారీ చేసిన పశువును వెంటనే చెరువులోకి దింపరాదు, పిచికారీ డబ్బాలను చెరువులో కడగరాదు.

నడక ఉచ్చు

మందు లేకుండా కొమ్ము ఈగను పట్టే సాధనం ఒకటి అమెరికన్ కీటకశాస్త్రవేత్త బ్రూస్ 1938లో ప్రకటించిన నడక ఉచ్చు. ఇది రెండు వైపులా తెరిచి ఉన్న చిన్న చెక్క గది వంటిది. పశువు దీని గుండా నడిచి వెళ్ళేటప్పుడు వేలాడుతున్న గోనె పరదాలు వీపును, పక్కలను తుడుస్తాయి. లేచిన ఈగలు చీకటి నుండి వెలుతురు వైపు ఎగిరే స్వభావం వల్ల పక్క గోడలకున్న జాలీ అరలలోకి చేరి తిరిగి బయటకు రాలేక చస్తాయి. దీనిలో యంత్రం లేదు, విద్యుత్తు లేదు.

డి.డి.టి. రాకతో ఈ ఉచ్చును అందరూ మరచిపోయారు. నిరోధక శక్తి సమస్య తలెత్తిన తర్వాత, 1980లలో మిస్సోరి విశ్వవిద్యాలయంలో మళ్ళీ పరీక్షించినపుడు ఇది ఈగలను సుమారు సగానికి తగ్గించింది. సగం అనేది తక్కువగా తోచవచ్చు. కాని 350 ఈగలున్న పశువుపై సగం తగ్గితే సంఖ్య హద్దుకు దిగువకు వస్తుంది, పైగా ఉచ్చుకు ఏ ఈగా నిరోధక శక్తి పెంచుకోలేదు. పశువులు రోజూ తప్పనిసరిగా నడిచే దారి, అంటే నీటి తొట్టి దారి లేదా పాలు పితికే చోటి దారి ఉన్నచోటే ఇది పనికివస్తుంది. తర్వాతి కాలంలో ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇదే సూత్రంపై, గాలితో ఈగలను లాగివేసే యంత్రాన్ని రూపొందించారు. రసాయనాలు వాడని సేంద్రియ పాడి క్షేత్రాలకు ఇది ఉపకరించింది.

పేడపురుగులు

ఈగ పుట్టే చోటునే లేకుండా చేయడం ఇంకొక మార్గం. దీనికి ప్రపంచంలోనే పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియా.

ఆస్ట్రేలియాలోని సహజమైన పేడపురుగులు కంగారూ వంటి జంతువుల చిన్న, పొడి పెంటికలకు అలవాటు పడినవి. ఐరోపావాసులు తెచ్చిన పశువుల పెద్ద, తడి పేడకళ్ళను అవి పట్టించుకోలేదు. దానితో పేడకళ్ళు నెలల తరబడి మైదానాలలో అలాగే పడి ఉండి గడ్డిని కప్పివేశాయి, ఈగలకు నిలయాలయ్యాయి. కొమ్ము ఈగకు సోదరి వంటిదైన బఫెలో ఫ్లై, ''హెమటోబియా ఎక్సిగువా'', 19వ శతాబ్దంలో తిమోర్ దీవి నుండి తెచ్చిన గేదెలతో ఆ ఖండానికి చేరింది. ఈ ఈగ భారతదేశంతో సహా దక్షిణ, ఆగ్నేయ ఆసియాలలో కూడా ఉంది.

హంగరీ నుండి వలస వచ్చిన కీటకశాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా ఈ పేడకళ్ళను చూసి, తన స్వదేశపు పచ్చికలలో ఇవి ఎందుకు కనిపించవని ఆలోచించాడు. అక్కడ పేడపురుగులు వాటిని రోజులలో భూమిలో పాతిపెడతాయి. ఆయన సూచనపై ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. 1960ల మధ్యలో మొదలుపెట్టి సుమారు 20 ఏళ్ళు పేడపురుగుల పథకాన్ని నడిపింది. వ్యాధులు తేకుండా ఉండడానికి పురుగులను కాక వాటి గుడ్లను శుద్ధిచేసి తెచ్చి, అక్కడ చేత్తో చేసిన పేడ ఉండలలో పెంచారు. 1968 నుండి 43 జాతులను విడుదల చేయగా 23 జాతులు స్థిరపడ్డాయి.

పేడపురుగు ఈగను నేరుగా చంపదు. పేడకడిని ఈగ డింభకం పెరిగేలోపే ముక్కలుచేసి ఎండబెట్టి, భూమిలోకి లాగివేస్తుంది. పురుగులు బాగా స్థిరపడిన ప్రాంతాలలో మనుషుల ముఖాలపై మూగే బుష్ ఫ్లై గణనీయంగా తగ్గింది. బఫెలో ఫ్లై విషయంలో ఫలితం పాక్షికమే. వేసవిలో పురుగులు చురుకుగా ఉన్నంతకాలం తగ్గినా అది అంతరించలేదు. పచ్చిక తిరిగి పెరగడం, పేడలోని నత్రజని మట్టికి చేరడం మాత్రం నిస్సందేహమైన లాభాలు.

ఈ పురుగులకు ముప్పు కలిగించేది కూడా పశువుల మందే కావడం గమనార్హం. పొట్టపురుగులకు, బాహ్య పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్ పేడ ద్వారా బయటకు వస్తుంది. అటువంటి పేడలో పేడపురుగుల పిల్లలు పెరగవని, పేడకడి చివికిపోవడం ఆలస్యమవుతుందని 1987లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఈగలు లేని కాలంలో, పేడపురుగులు చురుకుగా లేని కాలంలో ఈ మందు వాడడం కొంత మేలు.

పేడపురుగులు లేనిచోట ఎండ కాసే పొడి రోజులలో గుంటకతో పేడకళ్ళను చెదరగొట్టడం, మంద వెనుక కోళ్ళను వదిలి పేడను కెలికించడం కూడా చేస్తారు. తడి వాతావరణంలో గుంటక తోలితే లాభం ఉండదు.

స్టేబుల్ ఫ్లై

చూడడానికి అచ్చం ఇంటి ఈగలా ఉండి, ముందుకు పొడుచుకు వచ్చిన సూది వంటి నోరు గల ''స్టొమాక్సిస్ కాల్సిట్రాన్స్''ను స్టేబుల్ ఫ్లై అంటారు. పశువుల కాళ్ళను, ముఖ్యంగా ముందు కాళ్ళను కుడుతుంది. మనుషులనూ వదలదు, "ఇంటి ఈగ కుట్టింది" అని ఎవరైనా చెబితే అది సాధారణంగా ఇదే. రోజుకు ఒకటి రెండు సార్లు రెండు మూడు నిమిషాల పాటు రక్తం పీల్చి, తక్కిన సమయమంతా గోడల మీద, కంచెల మీద, చెట్ల మీద కూర్చుంటుంది. కనుక పశువుకు పూసిన మందు దీనిపై అంతగా పనిచేయదు. కాళ్ళకు పూసిన మందు గడ్డిలోని మంచుకే కడుక్కుపోతుంది. ముందు కాలికి ఐదు ఈగలు ఉంటే నష్టం మొదలైనట్లే. నెబ్రాస్కాలో మేత బయళ్ళలోని పశువులపై జరిగిన ప్రయోగంలో ఈ ఈగల బాధకు గురైనవి రోజుకు సుమారు 200 గ్రాముల చొప్పున బరువు పెరుగుదల కోల్పోయాయి.

చాలా కాలం దీనిని కొట్టాల ఈగ అనే అనుకున్నారు. గడ్డిని పెద్ద గుండ్రని మోపులుగా చుట్టి శీతాకాలంలో బయటే పెట్టే అలవాటు అమెరికాలో వ్యాపించిన తర్వాత ఇది మైదానాలకు చేరింది. పశువులు తినక వదిలేసిన గడ్డి పేడతో, మూత్రంతో కలిసి కుళ్ళి వసంతంలో ఈగలకు పుట్టిల్లు అవుతుంది. ఒక్కొక్క మేత స్థలం నుండి లక్షల ఈగలు పుట్టగలవు. కోస్టారికాలో అనాస పంట కోశాక మిగిలిన మొక్కల చెత్తలో, బ్రెజిల్‌లో చెరకు ఆకుపై డిస్టిలరీ మడ్డినీరు పారించిన పొలాలలో ఇవి విపరీతంగా పుట్టి చుట్టుపక్కల పశుపోషకులను కష్టాలపాలు చేశాయి. అక్కడ ఈగలు పుట్టించినవారు ఒకరు, బాధపడినవారు మరొకరు కావడంతో ఇది చట్టపరమైన వివాదాలకూ దారితీసింది.

దీనికి నివారణ ఒక్కటే, పుట్టే చోటును తొలగించడం. మేత స్థలాన్ని మారుస్తూ ఉండాలి. మిగిలిన గడ్డిని పలుచగా పరచి ఎండబెట్టాలి లేదా పూర్తిగా కంపోస్టు చేయాలి.

ముఖపు ఈగ

''మస్కా ఆటమ్నాలిస్'' అనే ఈ ఈగ కుట్టదు. గరుకైన నోటితో కంటి అంచులను గీకి కన్నీరు, చీమిడి పీలుస్తుంది. ఐరోపా నుండి వచ్చిన ఇది 1952లో కెనడాలోని నోవాస్కోషియాలో కనిపించింది. కంటికలక కలిగించే ''మోరాక్సెల్లా బోవిస్'' బాక్టీరియాను, కంటిలో నివసించే థెలేజియా అనే సన్నని పురుగును ఇది ఒక పశువు నుండి మరొక దానికి చేరవేస్తుంది. రెండు చెవులకూ బిళ్ళలు వేయడం, పొడి సంచులను ముఖానికి తగిలే ఎత్తులో కట్టడం కొంతవరకు పనిచేస్తాయి. వ్యాధి సోకిన పశువును వేరుచేయడం అన్నిటికన్నా ముఖ్యం.

జోరీగలు

టబానిడే కుటుంబానికి చెందిన జోరీగలు తెలుగు పల్లెలలో అందరికీ పరిచితమైనవే. ఆడ జోరీగ కత్తుల వంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసి, కారిన రక్తాన్ని నాకుతుంది. మగది పూల తేనెతో బతుకుతుంది. గాయం బాధాకరం కనుక పశువు వెంటనే విదిలించుకుంటుంది, ఈగ రక్తం తడి ఆరని నోటితో పక్క పశువుపై వాలుతుంది. వ్యాధులు వ్యాపించేది ఈ విధంగానే.

బ్రిటిష్ పశువైద్యాధికారి గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో నాటి పంజాబు రాష్ట్రంలోని, నేటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, సర్రా అని పిలువబడే వ్యాధితో చనిపోతున్న గుర్రాలు, ఒంటెల రక్తంలో కదులుతున్న సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అదే ''ట్రిపనోసోమా ఎవాన్సి''. వ్యాధి కలిగించే ట్రిపనోసోమాగా గుర్తించబడిన మొదటి జీవి ఇది. పశువులలో, గేదెలలో సర్రా భారతదేశంలో నేటికీ ఉంది. జోరీగలు దాని ప్రధాన వాహకాలు.

జోరీగ పశువుపై ఉండేది అతి కొద్ది సేపు, దాని డింభకాలు చెరువులు, మడుగుల అంచుల బురదలో ఉంటాయి. అందువలన మందు దానిని పెద్దగా అడ్డుకోలేదు. కెనడాలో రూపొందిన మనిటోబా ఉచ్చు నల్లని బంతితో, కెన్యాలో రూపొందిన న్జి ఉచ్చు నీలం, నలుపు గుడ్డలతో వీటిని ఆకర్షిస్తాయి. స్వాహిలి భాషలో న్జి అంటే ఈగ అనే అర్థం. పట్టపగలు ఎండలో చురుకుగా ఉండే జోరీగలు చీకటి కొట్టంలోకి సాధారణంగా రావు కనుక, వాటి ఉధృతి ఉన్న వారాలలో పశువులను మధ్యాహ్నం నీడపట్టున కట్టి, ఉదయం సాయంకాలం మేపడం సులువైన ఉపాయం.

2019లో జపాన్ పరిశోధకులు నల్లని ఆవులపై చారల గుర్రం మాదిరి తెల్లని చారలు గీసి చూడగా, వాటిపై వాలిన కుట్టే ఈగల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. ఈ పరిశోధనకు 2025లో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. ప్రయోగించినది ఆరు ఆవులపై మాత్రమే, రంగు కొద్ది రోజులే నిలిచింది. ఆచరణకు ఇంకా దూరమే అయినా, ఈగ వాలేముందు చూపును బట్టి నిర్ణయించుకుంటుందని ఇది తెలియజేస్తుంది.

పశువుల జాతి

అన్ని జాతుల పశువులూ ఈగలను ఒకే విధంగా ఆకర్షించవు. మూపురం గల భారతీయ మూలపు పశువులపై ఐరోపా జాతుల కంటే కొమ్ము ఈగలు తక్కువగా ఉంటాయి. పొట్టి వెంట్రుకలు, చర్మం కింది కండరాన్ని బలంగా అదిలించే శక్తి ఇందుకు కారణాలుగా చెబుతారు. ఒంగోలు పశువుల సంతతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అని పిలువబడుతూ అక్కడి మాంసపు పశుసంపదలో అధికభాగంగా ఉంది. కొమ్ము ఈగ 1970ల చివరి ప్రాంతంలో బ్రెజిల్ ఉత్తర సరిహద్దున ప్రవేశించి దేశమంతా వ్యాపించినపుడు, నెలోర్ పశువులపై ఈగలు ఐరోపా సంకర జాతుల కన్నా తక్కువగా ఉండడం అక్కడి పరిశీలనలలో నమోదైంది.

ఒకే మందలో సైతం కొన్ని పశువులు ఎప్పుడూ ఎక్కువ ఈగలను మోస్తాయి. అటువంటి వాటిని ఎంచి ముందుగా చికిత్స చేయడం మందు ఖర్చును తగ్గిస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

తెలుగు ప్రాంతాలలో పశువులు పగలు బీళ్ళలో, గట్ల వెంట, కోసిన పొలాలలో మేసి రాత్రికి ఇంటికి చేరడం ఎక్కువ. పేడను పిడకలకు, ఎరువుకు ఎత్తుకొనే అలవాటు వలన చెదరని పేడకళ్ళు తక్కువ, కనుక అమెరికా తరహా కొమ్ము ఈగ సమస్య ఇక్కడ అంత తీవ్రం కాదు. కాని ఎత్తిన పేడను, తడిసిన వరిగడ్డిని కొట్టం పక్కనే పెంటకుప్పగా పోయడంతో స్టేబుల్ ఫ్లైకి అనువైన చోటు ఏర్పడుతుంది. కుప్పను కొట్టానికి దూరంగా పెట్టి, మట్టితో గాని పాలిథీన్ పట్టాతో గాని కప్పి ఉంచితే లోపలి వేడికి డింభకాలు చనిపోతాయి.

సాయంకాలం కొట్టంలో వేపాకు పొగ వేయడం అనాదిగా ఉన్న అలవాటు. పొగ ఉన్నంతసేపు ఈగలు, దోమలు దూరంగా ఉంటాయి; పొగ ఆరగానే తిరిగి వస్తాయి. మూసిన కొట్టంలో దట్టంగా వేస్తే దూడల ఊపిరికి మంచిది కాదు. వేపనూనె, కానుగ నూనె పూయడం కూడా కొన్ని గంటల ఉపశమనం ఇస్తుంది, పుండ్ల చుట్టూ పూయడానికి ఇది బాగా పనికివస్తుంది. గేదెలు మడుగులో పొర్లి ఒంటికి పట్టించుకొనే బురదపూత కూడా ఈగల నుండి ఒక కవచమే.

పశువుల మెడ, మూపురం మీద మానకుండా ఉండే మూపురపు పుండుకు కారణం స్టెఫనోఫైలేరియా అనే సన్నని పురుగు. దానిని ''మస్కా కండ్యూసెన్స్'' అనే చిన్న ఈగ వ్యాపింపజేస్తుంది. పుండుకు మందు వేస్తూ ఈగలను వాలనిస్తే పక్క పశువుకు అంటుతుంది, కనుక పుండును కప్పి ఉంచడమో, ఈగలు వాలని లేపనం పూయడమో అవసరం.

ఈగల నియంత్రణకు ఇటీవల ప్రాధాన్యం పెంచినది లంపీ చర్మ వ్యాధి. భారతదేశంలో 2019లో ఒడిషాలో మొదట నిర్ధారణ అయిన ఈ వైరస్ వ్యాధి 2022లో రాజస్థాన్, గుజరాత్ తదితర రాష్ట్రాలలో పెద్ద సంఖ్యలో ఆవులను బలితీసుకుంది. స్టేబుల్ ఫ్లై, దోమలు, పిడుదులు దీని వ్యాప్తికి తోడ్పడతాయి. మేకల మశూచి టీకాను దీనికి నివారణగా వాడారు. 2022 ఆగస్టులో భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు లంపీ-ప్రోవాక్ అనే ప్రత్యేక టీకాను ప్రకటించారు. ఈ వ్యాధికి టీకాయే ప్రధాన రక్షణ. ఈగల మందు దానికి ప్రత్యామ్నాయం కాదు గాని, టీకా వేసిన తర్వాత వ్యాధి నిరోధకత ఏర్పడడానికి పట్టే మూడు వారాల కాలంలో సోకిన పశువును వేరుగా దోమతెరలో కట్టడం, పెంటకుప్పను కప్పడం, కొట్టాన్ని పొడిగా ఉంచడం ఊరి మందలో వ్యాధి వేగాన్ని తగ్గిస్తాయి.